తెర మీద లేని తరుగు

నేను కంప్యూటరు నేర్చుకున్నది నలభై దాటాక. అంతకు ముందు సంతల్లో లెక్కలు రాసేవాణ్ణి. అరకు, హుకుంపేట చుట్టుపక్కల వారం వారం జరిగే సంతల్లో షావుకార్ల కాటా పక్కన కూర్చుని, ఎన్ని బస్తాలు దిగాయో, ఎంత తూగాయో రాయడం నా పని. చదువు పదో తరగతి దగ్గర ఆగిపోయింది. కూడికలు, శాతాలు నోటితోనే చెప్పేవాణ్ణి కాబట్టి అందరూ లెక్కల మాస్టారు అనేవారు. ఏ బళ్లోనూ నేను పాఠం చెప్పలేదు.

కాఫీ రైతుల సంఘం ఒకటి అరకులో ఆఫీసు తెరిచి, సంతల్లో గింజలు కొనడం మొదలుపెట్టాక నన్ను లెక్కలకి తీసుకున్నారు. కొన్నాళ్లకి వాళ్లకి ఒక కంప్యూటరు వచ్చింది. గుడ్డ కప్పి మూల పెట్టారు. దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు. నేను విశాఖపట్నం నుంచి ఒక పుస్తకం తెప్పించుకుని, అర్థం కాని పేజీలు వదిలేసి, అర్థమైన పేజీలతోనే కొనుగోలు లెక్కలకి ఒక ప్రోగ్రాం రాశాను. రాయడానికి ఒక వానాకాలం పట్టింది.

కొనుగోలు కేంద్రాల్లో కూర్చునే గుమస్తాలు ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఐదో ఆరో చదివి ఆపేసినవాళ్లు. ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే చేతులు వెనక్కి తీసుకునేవారు. తెలుగు అక్షరాలు ఆ రోజుల్లో ఆ యంత్రం మీద సరిగ్గా వచ్చేవి కావు. అందుకని మాటల బదులు బొమ్మలు పెట్టాను. కాఫీ గింజ బొమ్మ నొక్కితే కాఫీ. మిరియాల గుత్తి నొక్కితే మిరియాలు. పసుపు కొమ్ము నొక్కితే పసుపు. సరుకు తడిగా ఉంటే ఎర్ర చుక్క, ఆరి ఉంటే పచ్చ చుక్క. తూకానికి త్రాసు బొమ్మ, దాచుకోవడానికి బీరువా బొమ్మ. ఊరి పేరు, మనిషి పేరు మాత్రం జాబితాలోంచి ఎంచుకోవాలి. మిగతా తెర మీద ఒక్క అక్షరం లేదు. పై ఆఫీసు నుంచి చూడటానికి వచ్చినవాళ్లు బాగుందని, కేంద్రానికొక కంప్యూటరు ఇప్పించారు.

ఆ ఆఫీసులో టెలిఫోను బోర్డు దగ్గర ఒకామె పని చేసేది. ముప్పై ఏళ్లుంటాయి. చిన్నప్పుడు తట్టు పోసి చూపు పోయింది. క్రైస్తవ మిషన్ వాళ్లు దిగువకి తీసుకెళ్లి అంధుల బళ్లో చదివించారు. అక్కడ బోర్డు నడపడం నేర్పారు. ఎవరు ఏ నంబరు అడిగినా ఒకసారి పైకి పలికి గాని కలిపేది కాదు. "రెండు, నాలుగు, సున్నా, ఆరు. అంతేనాండీ?" అనేది. అలా పలకమని బళ్లో చెప్పారట. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసులో ఆ అంకెలు వినిపిస్తూ ఉండేవి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ బోర్డు తీసేశారు. ప్రతి బల్ల మీదా ఒక ఫోను వచ్చింది. బోర్డు ఉన్న చోట గోడకి నాలుగు మేకులు మిగిలాయి. ఆమె వారం రోజులు ఆ గోడ పక్కనే ఊరికే కూర్చుంది.

మేనేజరు గారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను.

"మాస్టారూ, ఆపరేటర్ పోస్టు ఇక లేదు. మీ ప్రోగ్రాం ఈవిడ చేత నడిపించగలమా? నడిపించగలిగితే కొనుగోలు కేంద్రంలో కుర్చీ వేయిస్తాను. లేకపోతే పంపించెయ్యాలి. సీజను మొదలయ్యేలోగా తేల్చండి" అన్నారు.

మిషన్‌లో ఒక బ్రదర్ విశాఖపట్నం వెళ్లి ఒక సీడీ తెచ్చి ఇచ్చాడు. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివే ప్రోగ్రాం. కొనుక్కున్నది కాదు, పరీక్షకి ఇచ్చేది. కొంతసేపు పని చేసి నోరు మూసుకునేది. అప్పుడు కంప్యూటరు ఆపి మళ్లీ వెయ్యాలి. మగ గొంతు. ముక్కుతో ఇంగ్లీషు మాట్లాడేది.

మొదటిరోజు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నా ప్రోగ్రాం తెరిచాను. వేలు ఏ మీట మీద పెట్టాలో చూపించాను. నొక్కింది.

"బటన్" అంది యంత్రం.

మళ్లీ నొక్కింది. "బటన్." మళ్లీ నొక్కింది. "బటన్." అలా చివరి దాకా వెళ్లి మొదటికి వచ్చింది.

"ఏటి మాస్టారూ, అన్నీ బొత్తాలేనా? పోగ్రాం రాసినారా, సొక్కా కుట్టినారా?" అంది.

పక్క బల్లల వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ఏడాది నాకు ఏదీ వచ్చేది కాదు. ఎండాకాలంలో మా ఆవిడ మలేరియాతో పోయింది. ఏడుపు కూడా రాకపోవడం చూసి బంధువులు గట్టి మనిషి అన్నారు. గట్టితనం ఏమీ లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లినా తెలియనట్టు ఉండేది, అంతే.

పని మొదలుపెట్టాను. ముందు ప్రతి బొమ్మకీ ఒక పేరు పెట్టాలి. కంటికి కనిపించని పేరు, యంత్రం మాత్రం చదివేది. కాఫీ గింజ వెనక కాఫీ అని, బీరువా వెనక సేవ్ అని. అది సులువే. తర్వాత తెలిసింది, ఎర్ర చుక్క, పచ్చ చుక్క యంత్రానికి రెండూ ఒకటేనని. వాటికీ వెట్, డ్రై అని మాటలు పెట్టాను. తప్పు కొడితే తెర మధ్యలో పసుపు పలక ఒకటి మెరిసి మాయమయ్యేలా చేసి ఉన్నాను. అది వచ్చిందనీ, పోయిందనీ ఆమెకి తెలియలేదు. మీటలు నొక్కుతూనే ఉంది, ఏదీ లోపలికి వెళ్లలేదు. ఆ పలక ఆమె కదిపేదాకా నిలబడేలా మార్చాను.

అన్నిటికన్నా వరస ఇబ్బంది పెట్టింది. నేను గడులు తెర మీద ఏ క్రమంలో గీశానో యంత్రం ఆ క్రమంలోనే నడుస్తుంది. నేను ముందు తూకం గీశాను, అది ముఖ్యమని. తర్వాత సరుకు. ఊరు, పేరు ఆఖర్న గుర్తొచ్చి పైన ఇరికించాను. కంటికి అన్నీ బాగానే ఉన్నాయి. ఆమె మీట నొక్కితే తూకం నుంచి పసుపు కొమ్ముకి, అక్కడి నుంచి బీరువాకి, బీరువా నుంచి ఊరికి వెళ్లేది. కన్ను మొత్తాన్ని ఒక్కసారి చూస్తుంది. చెవికి ఒకటి అయ్యాక ఒకటి రావాలి. కూడికలో అంకెలు ఏ వరసలో వేసినా మొత్తం ఒకటే వస్తుందని జీవితమంతా నమ్మినవాణ్ణి. ఇక్కడ అది పని చేయలేదు. గడులన్నీ చెరిపి, సంతలో మనిషి బస్తా దింపినప్పుడు ఏది ముందు అడుగుతామో ఆ వరసలో మళ్లీ గీశాను. ఏ ఊరు, ఎవరు, ఏ సరుకు, తడా పొడా, ఎంత.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక తెర ఆపేసి నేనే నడిపి చూసుకునేవాణ్ణి. నల్లటి తెర ముందు కూర్చోవడం నాకు కష్టంగా ఉండేది కాదు. ఇంటి దగ్గర కూడా దాదాపు అలాగే కూర్చునేవాణ్ణి.

మా ఆఫీసు రైలు పట్టాలకి దగ్గర. కిరండూల్ నుంచి ఇనుపరాయి మోసుకొచ్చే గూడ్సు వెళ్తుంటే గోడలు అదిరేవి. యంత్రం గొంతు వినిపించేది కాదు. అప్పుడు ఇద్దరం చేతులు ఒళ్లో పెట్టుకుని రైలు అయ్యేదాకా కూర్చునేవాళ్లం. అలాంటప్పుడే ఒకసారి అడిగాను, ఇది కుదరకపోతే ఏం చేస్తావమ్మా అని.

"ఏటి సేత్తాను? మా అన్నయ్య ఇంటికెల్తాను. ఒదిన మంచిదే. పొద్దున్న నన్ను అరుగు మీద కూకోబెడతాది. ఎండెక్కితే లోపలికి తెత్తాది. ఎండ దిగితే మల్లీ బైటికి. కోడిపిల్లల్నైతే కనీసం వొదిలీసి తిరగనిత్తారు" అంది.

ఆ మాటకి ఆమె తనే నవ్వింది. రైలు అయిపోయింది. మళ్లీ మీటల మీద వేళ్లు పెట్టింది.

నెల తిరిగేసరికి ఆమె ఆ గొంతు వేగం పెంచేసింది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, వేడి నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఉండేది. ఊళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉండటంతో యంత్రం వాటిని నమిలి పారేసేది. "మా ఊరి పేరు దొర నోట్లో పడి సచ్చిపోనాది" అనేది ఆమె. కానీ ఏ శబ్దం ఏ ఊరో గుర్తుపెట్టుకుంది. మేనేజరు గారు వచ్చి నిలబడి ఆయనే ఊళ్లు, తూకాలు చెప్పి చూశారు. ఒక్కటీ తప్పు పోలేదు. కుర్చీ ఖాయం చేశారు. సీజనంతా చూసి పోస్టు పక్కా చేస్తామన్నారు.

మొదటి సంతకి రెండు రోజుల ముందు ఆమె ఇంకొకటి అడిగింది.

"మాస్టారూ, బీరువా నొక్కినాక సేవ్డ్ అంతాది, ఊరుకుంటాది. నాను కొట్టింది కొట్టినట్టే లోపలికి ఎల్లినాదా? కల్లున్నోలకి ఎలా తెలుస్తాది?"

కళ్లున్నవాళ్లకి తెర అడుగున ఒక వరస కనిపించేది. ఊరు, పేరు, సరుకు, జమ అయిన తూకం. గుమస్తాలు దాన్ని ఓసారి చూసుకుని ప్రింటరులోంచి చీటీ తీసి ఇచ్చేవారు. న్యాయమైన మాటే అడిగింది. సేవ్ అయ్యాక ఆ వరసలోని తూకాన్ని యంత్రం చదివేలా చేశాను. ఆ రోజు నేను ఇంకేమీ ఆలోచించలేదు.

కేంద్రం హుకుంపేట వైపు ఒక సంతలో. రేకుల గది, బయట కాటా, గుమ్మం పక్కన బల్ల. కరెంటు పోతే ఇబ్బంది లేకుండా బ్యాటరీ పెట్టించాను. మేనేజరు గారి మాట ప్రకారం స్పీకరు వద్దని, ఒక చెవికి పెట్టుకునే ఇయర్‌ఫోను ఇచ్చాను. ఒక చెవి యంత్రానికి, రెండో చెవి మనుషులకి. కాటా వేసేది పాత సంతల్లో నాతో పని చేసిన మనిషే. ఆమె అతన్ని బాబాయ్ అనేది. బస్తాలు లెక్కపెట్టేటప్పుడు మా వైపు పద్ధతిలో ఒకటి అనడు, "లాభం" అంటాడు. తర్వాత రెండు, మూడు.

ముందు వచ్చినవాళ్లు ఆమెను వింతగా చూశారు. ఒకడు ఆమె ముఖం ముందు చెయ్యి ఊపాడు.

"గాలి తగుల్తంది, ఇసనకర్ర తెచ్చినావేటి?" అంది ఆమె.

వరసలో వాళ్లు వాణ్ణి ఏడిపించారు. ఆ తర్వాత ఎవరూ చెయ్యి ఊపలేదు.

మొదటి వంతు ఒక ముసలామెది. ఒక్క బస్తా. పై ఊరి మనిషి, చెవులకి వరసగా పోగులు. కోడలూ తనూ కర్రకి కట్టి మోసుకొచ్చారు. ఊరు, పేరు చెప్పింది. కాటా మనిషి ముల్లు చూసి కేకేశాడు.

"నలబై రెండూ!"

ఆమె కొట్టింది. బీరువా నొక్కింది. చెవిలో యంత్రం ఏదో చెప్పింది. ఆమె అలవాటు ప్రకారం పైకి పలికింది.

"నలబై. అంతేనాండీ?"

ముసలామె చీటీకి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఓలమ్మ! కాటా నలబై రెండంది. నువ్వు నలబై అంతావేటే గుంటా? ఆ రెండూ ఎవుడు మింగినాడు?"

ఆమె నా వైపు తిరిగింది. "మాస్టారూ, నాను నలబై రెండే కొట్టినాను" అంది.

కొట్టింది నలభై రెండే. నేను చూశాను. బస్తాకి రెండు కిలోలు తరుగు పోతుంది. గోనె బరువు, తేమ, మట్టి, అన్నీ కలిపి. షావుకార్ల దగ్గర ఇంకా ఎక్కువ పోయేది. ప్రోగ్రాం రాసేటప్పుడు తరుగు తీసెయ్యమని చెప్పారు, తీసేశాను. దానికి తెర మీద గడి అక్కర్లేదన్నారు, పెట్టలేదు. లెక్క లోపలే జరిగిపోతుంది. గుమస్తాలు అడుగున నలభై చూసేవారు, చీటీ ఇచ్చేవారు. చీటీ పట్టుకున్నవాళ్లకి చదువు రాదు. రొంటిన దోపుకుని డబ్బులిచ్చే కిటికీ దగ్గరికి వెళ్లిపోయేవారు. ఇన్నాళ్లూ ఆ అంకెని ఎవరూ పైకి పలకలేదు.

"అది తరుగు, అమ్మా. ఎప్పుడూ ఉన్నదే" అన్నాడు కాటా మనిషి.

"ఎప్పుడూ ఉంటే మాకెప్పుడూ సెప్పలేదేటి? గోనె రెండు కిలోలుంటాదా? నీ తలకాయ ఎట్టి తూసినావా?"

వెనక వరసలోంచి నవ్వులు, తర్వాత కేకలు. పోయినేడాది అమ్మినవాళ్లు కూడా తమ లెక్కలేమిటని ముందుకొచ్చారు. మధ్యాహ్నం దాకా కాటా ఆగిపోయింది.

గొడవ సద్దుమణిగాక ఆమె నన్ను మెల్లగా అడిగింది.

"తెర మీదున్నవన్నీ నాకు సెప్పినారు గదా మాస్టారూ. ఇది తెర మీద లేదా?"

"లేదు."

"ఐతే కల్లున్నోలకీ కనపడదన్న మాట."

నేను అవునన్నాను. ఆమె ఇయర్‌ఫోను తీగ వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

మర్నాడు మేనేజరు గారు అరకు ఆఫీసుకి ఆమెను పిలిపించారు. నేనూ ఉన్నాను. ఆయన గొంతు పెంచలేదు.

"చూడమ్మా, తరుగు నేను పెట్టింది కాదు. గింజ మా గోదాముకి వచ్చేసరికి ఆరిపోయి తగ్గుతుంది. ఆ తగ్గింది ఎవరో ఒకరు భరించాలి కదా. నువ్వు పని బాగా చేస్తున్నావు. ఒక్కటే, అంకెలు పైకి అనకు."

"పలక్కపోతే తప్పులు పోతాయని భయం సార్. అలవాటైపోనాది."

"మాన్చుకో. కష్టమేం కాదు."

తర్వాతి వారం సంతలో ఆమె పలకలేదు. పెదవులు మాత్రం కదిలేవి. జనం బల్ల ముందు నిలబడి ఎదురుచూశారు. ఒకతను, "ఏటే, నోరు పడిపోనాదా? పోయిన వారం సిలకలాగ మాటాడినావు!" అన్నాడు. ఇంకొకతను, "సిలకకి సంఘమోలు జాంపండు ఎట్టినారు" అన్నాడు. ఆమె ముఖం ఎర్రబడింది. ఊరు, పేరు అడిగింది, కొట్టింది, చీటీ ఇచ్చింది. కొందరు బస్తాలు కాటా మీంచి దింపి షావుకారు దగ్గరికి పట్టుకుపోయారు. అక్కడ తరుగు ఇంకా ఎక్కువని వాళ్లకి తెలుసు. తెలిసే వెళ్లారు.

సాయంత్రం జీపులో అరకు తిరిగొస్తున్నాం. లోయ దిగాక ఆమె అంది.

"తరుగుకి ఒక గడి ఎట్టండి మాస్టారూ. పేరుతో. గడి ఉంటే యంత్రం సెప్తాది. యంత్రం సెప్పింది నాను సెప్తే నా నోటి మాట కాదు గదా. ఎంత తూగింది, ఎంత తీసినారు, ఎంత మిగిలింది. మూడూ ఇనబడితే గొడవ ఉండదు. దాసినందుకే గాని, తీసినందుకు కాదు వోలు అరిసింది."

మేనేజరు గారు ఆ వారం పై ఆఫీసు మీటింగుకి వెళ్లారు. నాకిచ్చిన పని ఏమిటో మరోసారి లెక్క వేసుకున్నాను. ప్రోగ్రాంలో ఉన్నదంతా ఆమెకి వినబడేలా చెయ్యమన్నారు. తరుగు ప్రోగ్రాంలో ఉంది. కాబట్టి పెట్టాను. తూకం గడి తర్వాత తరుగు గడి, దాని తర్వాత మిగిలింది. ముందు తెర ఆపేసి నడిపి చూశాను. వరస బాగుంది.

తర్వాతి సంతలో ఆమె మూడు అంకెలూ చెప్పింది. నలభై రెండు, తరుగు రెండు, నలభై. జనం విన్నారు. గొడవ లేదనుకున్నాం. వరసలో ముసలామె మళ్లీ ఉంది. తన ఖాళీ గోనె ఒకటి మడిచి కాటా మీద వేసింది.

"సూడు బాబూ. నీ కంటితోనే సూడు" అంది కాటా మనిషితో.

కిలో లేదు. ముల్లు కదిలింది గాని కిలో దాకా రాలేదు. కాటా మనిషి నా వైపు చూశాడు. నేను ముల్లు వైపు చూశాను. "మిగతాది తడి" అన్నాడు అతను. "నా గింజ ఎండు గింజ. ఈ గుంట ఇందాక డ్రై అనే గదా కొట్టింది" అంది ముసలామె. యంత్రం చదివిన మాటల్ని ఆమె ఇప్పుడు అన్నీ పైకి అంటోంది కాబట్టి అది కూడా వాళ్లకి తెలుసు. పొడి సరుకు మీద తేమ తరుగు ఎందుకని ఒకరు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. ఆ రోజుకి పొడి గింజకి ఒక కిలోయే తీస్తామని కాటా మనిషి ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, సంత అంతా అతని చుట్టూనే ఉంది. తరుగు గడిలో ఒకటి అని కొట్టమన్నాడు. ఆమె కొట్టింది. ఆ సాయంత్రం వరకూ గొంతు బొంగురుపోయేలా అంకెలు చెప్పింది. ఆ ఒక్కరోజు ఆమె సంతోషంగా ఉందని నాకనిపించింది. ముఖం అలా ఉంది.

మేనేజరు గారు తిరిగొచ్చాక మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టారు. ఆయనా అలిసిపోయి ఉన్నారు.

"మాస్టారూ, దానికి గడి ఎందుకు పెట్టారు?"

"అన్నీ వినబడాలన్నారు కదండీ."

ఆయన కుర్చీ ఆమె వైపు జరుపుకున్నారు. తర్వాత ఆమెతో మాట్లాడారు.

"అమ్మా, నీకు దాపరికం లేకుండా చెప్తాను. నీ పోస్టు పక్కా చెయ్యాలని కాగితం పెట్టాను. సంతకం పై ఆఫీసులో పడాలి. మిగతా కేంద్రాల్లో కూడా తరుగు మీద గొడవలు మొదలైతే ఆ సంతకం పడదు. కేంద్రంలో మామూలు గుమస్తాని పెట్టమంటారు. గడి ఉంటే నువ్వుండవు. నువ్వుండాలంటే గడి ఉండకూడదు. పైకి పలకడం కూడా ఉండకూడదు. నేను బెదిరించట్లేదు. ఉన్నది చెప్పాను. నువ్వే చెప్పు."

ఆమె చీర కొంగు మడతపెడుతూ కూర్చుంది. ఒకసారి విప్పి మళ్లీ మడిచింది. అది చూస్తున్నంతసేపూ ఆమె కాదంటుందని నేననుకున్నాను. ఎందుకనుకున్నానో తెలియదు. కాదంటే పోయేది ఆమె కుర్చీ, నాది కాదు.

"తీసీయండి మాస్టారూ" అంది.

మేనేజరు గారు ఊపిరి వదిలారు. టీ తెప్పించారు. ఆమె తాగింది. పంచదార ఎక్కువైందని కూడా అంది.

గదిలోంచి బయటికి వచ్చాక, బోర్డు ఉండే గోడ దగ్గర ఆగి చేత్తో తడిమి కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"తిడతారా నన్ను?" అంది.

"ఎందుకు తిడతాను?"

"నాను అరుగు మీద కూకుని నీతిమంతురాల్ని అవుదునా? వోలు బస్తా అమ్ముకుని ఇంటికెల్లిపోతారు. మల్లీ ఏడాది మల్లీ బస్తా ఉంటాది. నాకు మల్లీ ఏటుంది?"

నేనూ ఆ లెక్క వేసి చూశాను. ఆమె లెక్కలో తప్పు లేదు.

ఆ మధ్యాహ్నమే తీసేశాను. గడి చెరపడం చిన్న పని. చెరిపాక వరస చూసుకోవాలి. చూసుకోకపోతే గడి ఉన్న చోట మీట ఒకసారి ఆగి, ఏమీ అనకుండా ముందుకి పోతుంది. అలా ఆగితే ఆమెకి అడ్డు తగులుతుంది. కాబట్టి సరిచేశాను. చివర్లో యంత్రం జమ అయిన తూకం చదవడం మాత్రం ఉంచాను. అది లేకపోతే తను కొట్టింది లోపలికి వెళ్లిందో లేదో ఆమెకి తెలియదు. తరుగు మళ్లీ లోపలికి పోయింది, బస్తాకి రెండు. తెర ఆపేసి నడిపి చూశాను. తూకం నుంచి నేరుగా సేవ్‌కి. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆమెను పిలిచి చూడమన్నాను. కొట్టి చూసింది.

"బాగుంది. నున్నగా ఎల్తంది" అంది.

తర్వాతి సంతకి నేను వెళ్లాను, వెళ్లాల్సిన అవసరం లేకపోయినా. జనం బాగానే వచ్చారు. కిందటి వారం ఒప్పుకున్న ఒక కిలో మాట ఏమైందని కొందరు అడిగారు. కాటా మనిషి పైవాళ్లని అడగమన్నాడు. పైవాళ్లు అక్కడ లేరు. ముసలామె కోడలు ఒక్కతే వచ్చింది. బస్తా దింపింది. కాటా మనిషి తూకం కేకేశాడు. ముప్పై ఎనిమిది. ఆమె కొట్టింది. చెవిలో యంత్రం చెప్పింది. ఎంత చెప్పిందో నాకు తెలుసు, కాటా మనిషికీ తెలుసు.

కోడలు బల్ల మీదికి వంగింది. "ఎంతొచ్చింది, అక్కా?" అంది.

"సీటీలో ఉంది" అంది ఆమె.

"సీటీ నాకేం తెలుస్తాది?"

ఆమె పెదవులు కదిలాయి. చీటీ చింపి ముందుకి చాపింది. కోడలు తీసుకునేదాకా చెయ్యి అలాగే చాపి ఉంచింది. తర్వాత తల కొంచెం పక్కకి తిప్పి, తర్వాతి మనిషిని ఏ ఊరని అడిగింది.

సీజను అయ్యేలోపు ఆమె పోస్టు కాగితం మీద సంతకం పడింది. కాటా మనిషి మిఠాయి తెచ్చాడు. ఆమె అందరికీ పంచి నాకు రెండు పెట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో నేను ఆ ప్రోగ్రాం రెండుసార్లు కొత్తగా రాశాను. యంత్రాలు మారాయి, చదివే గొంతు మారింది, ఆఖరికి తెలుగు కూడా వచ్చింది. రెండుసార్లూ ప్రతి బొమ్మకీ పేరు పెట్టాను. వరస సరిచూశాను. తెర ఆపేసి చివరిదాకా నడిపాను. తరుగుకి గడి పెట్టమని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.